మీటరుకొక రెప్ప

ఆమె సంచిలోంచి నాలుగు కళ్ళజోళ్ళు తీసి బల్ల మీద వరసగా పేర్చింది. ఒకదాని కాడ విరిగితే దారం చుట్టి ఉంది. చివరిదానికి కొత్త వాసన ఇంకా పోలేదు.

“ఇవన్నీ మీవేనా?” అంది అద్దాలమ్మ.

“నావేనమ్మా. ఏడాదిన్నరలో నాలుగు. ఏది పెట్టుకున్నా కాసేపు బాగానే ఉంటుంది, తరవాత మళ్ళీ మసకే. అయిదోది మీరు రాస్తారు, నేను పుచ్చుకుంటాను. అంతేగా.”

ఎత్తిపొడుపు మాటే అయినా ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. మాట్లాడుతూనే ఎడమ కన్ను ఒత్తుకుంది, వెంటనే కుడి కన్ను. చేతిగుడ్డ నాలుగు మూలలూ తడిసిపోయి ఉన్నాయి.

అద్దాలమ్మ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. ముందుగదిలో భర్త అద్దాలు అరగదీస్తాడు, వెనకగదిలో ఆవిడ కళ్ళు పరీక్ష చేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని, అదే పిలుపు. అద్దాలు అక్కర్లేనివాళ్ళకి ఆ సంగతి మొహం మీదే చెప్పేస్తుందని కూడా పేరుంది.

“కొత్తవి పెట్టుకుని ఆ చార్టు చదవండి.”

ఆమె పై వరస నుంచి అట్టడుగు వరస దాకా తడబడకుండా చదివేసింది. ఎక్కడా తప్పు లేదు. కానీ ప్రతి వరస మొదలుపెట్టే ముందు కళ్ళు ఒకసారి గట్టిగా మూసి తెరవడం అద్దాలమ్మ చూసింది. ఇంతకుముందు నాలుగు చోట్ల చూసినవాళ్ళు చార్టు వైపు చూసి ఉంటారు, మనిషి వైపు చూసి ఉండరు అనుకుంది.

“బాగా చదివారు. ఇప్పుడు కింద నుంచి రెండో వరస మీదే చూపు పెట్టండి. నేను చెప్పేదాకా రెప్ప వెయ్యొద్దు.”

“అదెంత పనమ్మా! రెప్ప వెయ్యకుండా ఉండడంలో నన్ను మించినవాళ్ళు లేరు.”

అద్దాలమ్మ చేతి గడియారం వైపు చూస్తూ నిలబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“అరె!”

“ఏమైంది?”

“కరిగిపోతున్నాయి. నీళ్ళలో పడ్డ కాగితంలా... పోయాయమ్మా, అసలేమీ లేదు.”

“ఇప్పుడు రెప్ప వెయ్యండి.”

“వచ్చాయి!” ఆమె కుర్చీలో ముందుకి వంగింది. ఎవరూ చెప్పకుండానే మళ్ళీ కళ్ళు బిగబట్టి అక్షరాలు పోయేదాకా చూసింది, రెప్ప వేసి తెప్పించుకుంది. ఇంకోసారి. కొత్తగా స్విచ్చు దొరికిన పిల్లలా ఉంది ఆ మొహం.

“మీ చూపుకి ఏమీ కాలేదు,” అంది అద్దాలమ్మ. “కంటి ముందు పల్చటి తడి పొర ఒకటుంటుంది. అది మీకు అయిదు సెకన్లు కూడా నిలవట్లేదు. పది దాటాలి. మీ కళ్ళు ఎండిపోతున్నాయి.”

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూంటే రెండు చెంపల మీదా నీళ్ళు కారాయి. “ఎండిపోవడమేమిటమ్మా! మిల్లులో నా పేరేమిటో తెలుసా? కుళాయి! ‘కుళాయి వచ్చిందా, కుళాయి కట్టెయ్యండి’ అంటారు. మీరేమో ఎండిందంటారు.”

“ఏం పని మిల్లులో?”

“చెకింగు. మగ్గం దిగిన తాను వెలుగు బల్ల మీద జారుతూ ఉంటుంది, పడుగు ఎక్కడ తెగిందో పేక ఎక్కడ జారిందో పట్టుకుని చీటీ అంటించాలి. ఇరవైరెండేళ్ళుగా ఇదే పని, పధ్నాలుగేళ్ళుగా మొదటి టేబులు నాదే.” ఆ మాట అనేటప్పుడు ఆమె వెన్ను నిటారైంది. “మొన్న నేను చూసిన తానులు రెండు వెనక్కి వచ్చాయి. వచ్చే బుధవారం తరవాత నువ్వు ప్యాకింగుకి పో అన్నాడు సూపర్‌వైజరు. చూపు బాగుందని చీటీ చూపిస్తే, ‘మరైతే నీది నిర్లక్ష్యం’ అన్నాడు. కళ్ళు తుడుచుకుంటే, ‘ఏడ్చి సాధిద్దామనా’ అన్నాడు. ఏడవట్లేదు సార్, కారుతున్నాయి అన్నాను. గదిలో అందరూ నవ్వారు.”

“ప్యాకింగు అంత కష్టమా?”

“కష్టం కాదు. జీతమూ అదే. కానీ అక్కడ మనిషితో పని లేదమ్మా, రెండు చేతులుంటే చాలు. ఇక్కడ నేను కాదన్న తాను గుమ్మం దాటదు.”

అద్దాలమ్మ దీపం ఉన్న పరికరం దగ్గరికి కుర్చీ జరిపి, ఆమె గడ్డం ఆనించమంది. నారింజరంగు మందు అద్దిన కాగితపు చీలికని తడిపి కింది రెప్ప లోపల తాకించింది. నీలం వెలుగు వేసింది. కంటి మీద పొర పచ్చగా వెలిగింది. మూడో సెకనుకే దాంట్లో నల్లటి బెజ్జాలు పడడం మొదలైంది, పాత గుడ్డ చివికినట్టు. నల్లగుడ్డు కింది భాగాన చుక్కలు చుక్కలుగా గీరుకుపోయిన గుర్తులు. రెప్ప పూర్తిగా మూతపడని కళ్ళకే అక్కడ అలా ఉంటుంది.

“నోరు ఎండుతుందా? అన్నం దిగడానికి నీళ్ళు తాగాల్సి వస్తుందా? కీళ్ళ నొప్పులు?”

“లేవు.”

“మంచిది. ఉంటే ఇంకో డాక్టరు దగ్గరికి పంపాల్సి వచ్చేది.”

బొటనవేలితో కింది రెప్పని కొంచెం నొక్కింది. అంచున ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి నూనెలాంటిది తేటగా ఊరాలి. ఊరలేదు. ఇంకాస్త నొక్కితే తెల్లగా, చలికి పేరుకున్న నూనెలా ముద్దముద్దగా వచ్చింది.

“ఇదీ సంగతి,” అంది అద్దాలమ్మ, ఏళ్ళుగా అలవాటైన నిబ్బరంతో. “నీళ్ళ మీద నూనె తెట్టు ఉంటే నీళ్ళు తొందరగా ఆవిరవ్వవు. మీ రెప్పల్లో నూనె గడ్డకట్టింది. పైన మూత లేదు కాబట్టి తడి ఆరిపోతుంది. ఆరగానే కన్ను మండుతుంది. మండగానే లోపలినుంచి బిందెడు నీళ్ళు గుమ్మరిస్తుంది. అవి ఉత్త నీళ్ళు, నిలవవు, చెంప మీదికి పోతాయి. మిమ్మల్ని కుళాయి అన్నవాళ్ళకి చెప్పండి, అది ఎండిన బావి చేసే పని అని.”

ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసింది. “మరి ఇది? మిల్లు మందులపెట్టెలోది. ఎరుపు పోతుందని అందరం వేసుకుంటాం.”

“రోజుకి ఎన్నిసార్లు?”

“మంట పుట్టినప్పుడల్లా.”

అద్దాలమ్మ ఆ సీసాని చెత్తబుట్టలో పడేసింది. “ఇది ఎరుపుని దాచిపెడుతుందంతే. పాడవకుండా దీంట్లో కలిపేదొకటి ఉంటుంది, అదే మీ కంటిని ఇంకా గీరుతుంది. నేనిచ్చేవి చిన్న గొట్టాలు. ఒకటి విప్పితే ఆ పూటకే. మిగిలిందని దాచుకోవద్దు. పొద్దున, సాయంత్రం వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కళ్ళ మీద పెట్టుకోవాలి. రెండు గుడ్డలు పెట్టుకోండి. ఒకటి నిమిషానికే చల్లారిపోతుంది, అది తియ్యగానే రెండోది. అలా పది నిమిషాలు. తరవాత వేలితో పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి నిమరాలి. నేను చూపిస్తాను, ఇలా. ఆ తరవాత రెప్పల అంచు తుడుచుకోవాలి.”

“బుధవారానికి తగ్గుతుందా?”

“పది రోజుల్లో జబ్బు పోదు. నెలలు పడుతుంది. కానీ పది రోజుల్లో మీరు లోపాలు పట్టుకోగలుగుతారు. దానికి నాది పూచీ. అయితే ముందు మీరు కూర్చునే చోటు నేను చూడాలి.”

ఆమె వెళ్ళాక ముందుగదిలోంచి భర్త తొంగిచూశాడు. చేతిలో సగం అరగదీసిన అద్దం ఉంది.

“ఎన్ని జతలోయ్?”

“ఒక్కటీ లేదు. ఉన్నవాటిలోనే మూడు పక్కన పడెయ్యమన్నాను.”

“అద్దాలు వద్దని చెప్పడానికి మనకో అద్దాల షాపు. ఇంకో రెండేళ్ళు ఇలాగే నడిపావంటే ఊళ్ళో అందరికీ కళ్ళు బాగుపడిపోతాయి. అప్పుడు మనిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు పరీక్ష చేసుకుంటూ కూర్చోవచ్చు.”

“మీ మొహానికి చార్టు అక్కర్లేదు లెండి, దూరం నుంచే తెలిసిపోతుంది,” అంటూ ఆవిడ రేపటి చీటీ మీద ‘మిల్లు, పన్నెండున్నర’ అని రాసుకుంది.

*

చెకింగు గదిలో పదకొండు టేబుళ్ళు. ప్రతి టేబులూ ఏటవాలుగా నిలబెట్టిన అద్దం, వెనక దీపాలు. తాను పైనుంచి దిగి, అద్దం మీద జారి, కింద రోలుకి చుట్టుకుంటోంది. మీటరు పూర్తయినప్పుడల్లా పక్కనున్న లెక్కల డబ్బా ‘టిక్’మంటోంది. అద్దాలమ్మ తలుపు దగ్గరే ఆగి మొదటి టేబులామెని పక్కనుంచి చూసింది. ఆమె చూడలేదు. ఆమె కళ్ళు బట్టని వదల్లేదు.

అద్దాలమ్మ గడియారం చూసుకుంది. ఇరవైఆరు సెకన్లు గడిచాక ఒక రెప్ప పడింది. అదీ సగమే. పై రెప్ప కిందిదాన్ని తాకకుండానే లేచిపోయింది. మొదటి టేబులు నెత్తిన చల్లగాలి గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఆమె ముంగురులు వెనక్కి ఎగురుతున్నాయి.

“ఈ గాలి ఎప్పుడు పెట్టారు?”

జవాబు రెండో టేబుల్నించి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, చేతులు ఆగకుండా, నోరు అంతకన్నా ఆగకుండా. అందరూ ఆమెని రేడియో అంటారు. “నిరుటి ఎండల్లో పెట్టారండీ! అక్క సీనియరు కదా, ఆవిడకే ముందు చల్లగా తగలాలని అక్కడ పెట్టారు. అక్కా, డాక్టరమ్మ వచ్చింది చూడు! చూడదండీ. తాను అయ్యేదాకా దేవుడొచ్చినా చూడదు.”

తాను అయిపోయింది. మొదటి టేబులామె తల తిప్పింది, కళ్ళు తుడుచుకుంది.

“రెప్ప ఎందుకు వెయ్యట్లేదు మీరు?”

“పనిలో ఉండగానా?” ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. “రెప్ప వేస్తే లోపం దాటిపోతుంది కదమ్మా. చెకింగులో మొదటి పాఠం అదే. మా మేనత్త నేర్పింది. నాకు ముందు ఈ టేబులు ఆవిడదే. వెనక నిలబడి, రెప్ప వేసినప్పుడల్లా స్కేలుతో భుజం మీద ఒక్కటిచ్చేది.” బల్ల సొరుగు లాగి అంచులు అరిగిన చెక్క స్కేలు చూపించింది. “ఇదే.”

“ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?”

“ఉంది. మూడు వీధుల అవతల.” సొరుగు మూసేసింది. “కళ్ళు పోయాయి.”

ఈలోగా సూపర్‌వైజరు వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. నలుగురు నాలుగు వైపుల నుంచి లాగుతున్న మనిషిలా ఉన్నాడు. “మేడమ్, వెనక్కొచ్చిన తానులకి జవాబు చెప్పాల్సింది నేను. ఏడుపుకి నేను చీటీ అంటించలేను.”

“అంటించక్కర్లేదు. ఆ గాలి అటు తిప్పండి.”

“అటు తిప్పితే ఇటువాళ్ళు ఉక్క అంటారు.”

“అయితే అట్టముక్క అడ్డం కట్టండి, గాలి పైకి పోతుంది. ఈ టేబులు రెండు జానలు కిందికి దించండి. తల ఎత్తి చూస్తే కన్ను ఎక్కువ తెరుచుకుంటుంది, ఎక్కువ ఆరుతుంది. ఆ తరవాత బుధవారం నాడు ఒక తాను ఇవ్వండి. దాంట్లో లోపాలెన్నో ముందే ఇంకెవరిచేతనైనా లెక్క పెట్టించి జేబులో పెట్టుకోండి. ఆవిడ అన్నీ పట్టుకుంటే టేబులు ఆవిడదే.”

అతను గడ్డం గోక్కున్నాడు. “ఒక్కటి తప్పినా ప్యాకింగే.”

“ఒక్కటి తప్పినా ప్యాకింగే,” అంది అద్దాలమ్మ, ఆమెని అడక్కుండానే. తరవాత ఆమె మొహం చూసి, అడిగి ఉండాల్సింది అనుకుంది.

*

గుడ్డలు, గొట్టాలు, నిమరడం, అన్నీ ఆమె అక్షరాలా చేసింది. అయిదో రోజుకి రెప్ప నొక్కితే ముద్ద పల్చబడింది. పొర ఆరు సెకన్లు నిలిచింది. చేతిగుడ్డ పొడిగా ఉంది. రెప్ప ఒక్కటే లొంగలేదు.

అద్దాలమ్మ గోడకి తెల్లబట్ట కట్టి, చేత్తో ‘టిక్’ అని బల్ల మీద కొడుతూ కూర్చుంది. “మీ డబ్బా మీటరుకోసారి కొడుతుంది. మీటరు దిగడానికి మూడు సెకన్లు. కొట్టినప్పుడల్లా ఒక రెప్ప. నిండుగా, రెండూ తాకేలా. మూసి, తెరవండి.”

నాలుగు దెబ్బలకి వేసింది. అయిదోదానికి భుజం బిగిసింది, కన్ను బిగిసింది.

“రావట్లేదమ్మా. దొంగతనం చేస్తున్నట్టుంది. వెనకాల ఎవరో నిలబడ్డట్టుంది.”

“మీ బల్ల మీద బట్ట ఎంత పొడుగు కనిపిస్తుంది?”

“మీటరున్నర.”

“పోగు తెగిన చోటు పైనుంచి కిందికి దిగడానికి నాలుగు సెకన్ల పైనే. రెప్పపాటు సెకనులో మూడో వంతు కూడా కాదు. ఆ కాస్తలో అది ఎక్కడికి పారిపోతుంది?”

ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుంది. మళ్ళీ వేసుకుంది. తరవాత కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

“మరి మా అత్త?” అంది. “ఆవిడకీ ఇలాగే కారేవి. చివరి ఏడాది. అప్పుడు గాలి లేదు, దుమ్ముండేది. ఆవిడ చూసిన తాను రెండోసారి చూడమని నాకిచ్చారు. నాలుగు లోపాలు దొరికాయి. రాయనా మానేయనా అని గంటసేపు కూర్చున్నాను. రాశాను. మర్నాడు ఆవిడ స్కేలు సొరుగులో పెట్టేసి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. పధ్నాలుగేళ్ళు. మూడు వీధులేనమ్మా. ఆ వీధి మొగదాకా వెళ్తాను, తిరిగొచ్చేస్తాను.” ఆగింది. “ఆవిడ కళ్ళూ పోలేదేమో కదా?”

ఈసారి ఆమె చెంపల మీద కారినవి వేరే నీళ్ళు. ఆ తేడా అద్దాలమ్మకి పరికరం లేకుండానే తెలిసింది.

“చూడందే చెప్పను,” అంది. “ముందు బుధవారం కానివ్వండి. రెప్ప.”

బల్ల మీద కొట్టింది. ఆమె రెప్ప వేసింది. భుజం బిగబట్టే వేసింది, కానీ వేసింది.

*

బుధవారం పొద్దున అట్టముక్క కట్టి ఉంది, టేబులు దించి ఉంది. తెల్లటి తాను, వంద మీటర్లు. సూపర్‌వైజరు జేబులో మడత పెట్టిన కాగితం ఉంది. మిగతా టేబుళ్ళ దగ్గర పని సాగుతున్నట్టే ఉంది కానీ అందరి మెడలూ ఇటే తిరిగి ఉన్నాయి. రేడియో గొంతు సైతం కొంచెం తగ్గింది.

మొదటి టేబులామె చిన్న గొట్టం విప్పి కళ్ళలో చెరో చుక్కా వేసుకుంది. మిగిలింది పారేసింది. కాలితో మీట తొక్కింది.

టిక్. రెప్ప. టిక్. రెప్ప.

ఏడో మీటరు దగ్గర యంత్రం ఆపింది. వేలిగోటితో బట్టని తడిమి, ఎర్రచీటీ అంటించింది. పేక జారింది. పన్నెండో మీటరు దగ్గర నూనె మరక, ఆవగింజంత. ముప్ఫయ్యో మీటరు దాటేసరికి అద్దాలమ్మ ఊపిరి పీల్చుకుంది. రెప్పలు ఇప్పుడు తను చెప్పినందుకు పడుతున్నవి కావు, డబ్బాతో పాటు వాటంతటవే పడుతున్నాయి. భుజాలు వదులుగా ఉన్నాయి. ఆమె పని చేస్తూంటే చూడడం బాగుంది. చూపు బట్ట మీద ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి అలికినట్టు కదులుతోంది. చెయ్యి ముందు ఆగి, కన్ను తరవాత ఆగినట్టుంది.

వంద. మీట వదిలింది. కళ్ళు తుడుచుకోలేదు.

సూపర్‌వైజరు చీటీలు లెక్కపెట్టాడు. కాగితం విప్పాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

“ముప్ఫైమూడు.” నవ్వాడు. “ఇక్కడున్నవి ముప్ఫైఒకటి. అంటే లేనివి కూడా కనిపిస్తున్నాయన్నమాట.”

“తిప్పి చూడండి సార్,” అంది ఆమె.

తానుని వెనక్కి చుట్టి, కాగితంలో లేని చోట్లు రెండూ వెలుగు మీదికి తెచ్చారు. నలభైరెండో మీటరు దగ్గర పడుగులో ఒక పోగు లేదు, జానెడు పొడుగు. ఎనభై దగ్గర పేక రెండు పోగులు కలిసిపోయి ఉంది. సూపర్‌వైజరు వేలు పెట్టి చూశాడు. అందరికీ కనిపించింది.

“ఈ లెక్క రాసింది ఎవరు?” అంది అద్దాలమ్మ.

అతను తల ఎత్తాడు. గదిలో ఏదో ఆగిపోయినట్టయింది. ఆగింది రేడియో మాటలు.

“నేనే,” అంది రేడియో. “సోమవారం. రెండుసార్లు చూశానండీ, ఒట్టు, రెండుసార్లు...” ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో చేతిగుడ్డ ఉంది. పదకొండు టేబుళ్ళున్న గదిలోకి వచ్చి అద్దాలమ్మ ఒక్క జత కళ్ళనే లెక్కపెట్టి వెళ్ళింది.

“ఒక్కటి తప్పినా అని మేడమే అన్నారు,” అన్నాడు సూపర్‌వైజరు, ఎవరి వంకా చూడకుండా. “రెండు తప్పాయి.”

మొదటి టేబులామె గెలిచిన మనిషిలా లేదు. ఎనభయ్యో మీటరు దగ్గరున్న ఎర్రచీటీ మీద ఆమె చెయ్యి ఆనింది. గోరు దాని అంచు కిందికి పోయింది. లాగేస్తుందనే అనుకుంది అద్దాలమ్మ. ఆమె దాన్ని లాగలేదు. బొటనవేలితో ఇంకోసారి గట్టిగా అదిమి అంటించింది.

“లోపాలు ఉన్నాయి సార్. నేను రాసింది రాసిందే. కానీ ఈ పిల్లని ప్యాకింగుకి పంపితే ముందు నన్ను పంపండి. రెప్ప వెయ్యొద్దని దానికి నేర్పింది నేను. ఈ గదిలో పదిమందికీ నేనే నేర్పాను. ఈ స్కేలుతోనే.”

“అయితే ఏం చెయ్యమంటావు? మిల్లు మూసెయ్యనా?”

“నాకిచ్చిన పది రోజులు వీళ్ళకీ ఇవ్వండి. గాలులన్నిటికీ అట్టలు కట్టించండి. ఆ పెట్టెలో మందు తీసి పారేయించండి. తరవాత మీ ఇష్టం.”

అతను అద్దాలమ్మ వైపు తిరిగాడు, ఎవరైనా తన తరఫున మాట్లాడతారేమోనన్నట్టు.

“మీ కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి సార్,” అంది ఆవిడ. “ఆ పెట్టెలో మందే వేస్తున్నారా?”

ఎవరో కిసుక్కుమన్నారు. అతను చెయ్యి కళ్ళ దాకా తీసుకెళ్ళి, మధ్యలో ఆపి, కాగితం మీద ముప్ఫైఒకటి కొట్టేసి ముప్ఫైమూడు అని రాశాడు. “పది రోజులు,” అన్నాడు. “పదకొండో రోజు అడగొద్దు.”

అద్దాలమ్మ గుమ్మం దాటేసరికి మొదటి టేబులామె స్కేలు పట్టుకుని రేడియో వెనక నిలబడి ఉంది. టిక్‌మన్నప్పుడల్లా భుజం మీద మెల్లిగా తాకిస్తోంది.

“రెప్ప.”

“అక్కా, నిన్నటిదాకా వేస్తే కొట్టావు, ఇప్పుడు వెయ్యకపోతే కొడుతున్నావు. ఏదో ఒకటి తేల్చుకోవే తల్లీ!”

“నోరు కూడా మీటరుకోసారి తెరుద్దువుగాని. రెప్ప.”

*

ఆదివారం షాపు మూసి ఉండే రోజు. తలుపు తట్టిన చప్పుడుకి అద్దాలమ్మ భర్త తీశాడు. గొడుగు కింద ఇద్దరున్నారు. మొదటి టేబులామె చెయ్యి పట్టుకుని, నల్ల అద్దాలు పెట్టుకున్న బక్కపల్చటి ముసలావిడ.

“మా అత్త తలుపు తీసి ‘ఎవరు’ అంది,” అని మొదటి టేబులామె గుమ్మంలోనే చెప్పేసింది. “నేనత్తా అన్నాను. ‘ఇంత ఆలస్యమా’ అంది. అంతే.”

“మరి ఏమనాలి? దండకం చదవాలా?” అంది ముసలావిడ. కుర్చీని చేత్తో తడిమి కూర్చుంది. “ఏం చూస్తావమ్మా, చూడడానికేం మిగిలింది గనక. శుక్లాల పొరలు తీశారు. అద్దాలిచ్చారు. వయసన్నారు. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుంటుందని తెరలేసుకుని కూర్చున్నాను. అలవాటైపోయింది.”

అద్దాలమ్మ దీపం తగ్గించి, నల్ల అద్దాలు తీయించింది. చార్టు వెలిగించి, పైనుంచి మూడో వరస చూడమంది. ఎక్కువ ఆశ పెట్టుకోలేదు. ఈ కళ్ళకి మొదటి టేబులామె కళ్ళకి పట్టినంత కాలం కాదు, ఇంకా చాలా పడుతుంది. రెప్పల అంచుల్లో కొన్ని నూనె రంధ్రాలు పూర్తిగా పూడుకుపోయి ఉండవచ్చు. అయినా పద్ధతి పద్ధతే. ముందు ఒక చుక్క వేసింది. పావుగంట వేడిగుడ్డలు పెట్టించింది. మొదటి టేబులామె ఒక గుడ్డ తీసి ఇంకోటి అందించింది.

“ఇప్పుడు ఆ వరసే చూస్తూ ఉండండి. రెప్ప వెయ్యొద్దు.”

“నాకు చెప్తున్నావా?” అంది ముసలావిడ.

ఒకటి, రెండు. మూడుకే పెదవి కదిలింది. “పోయాయి.”

“రెప్ప వెయ్యండి. నిండుగా.”

ముసలావిడ రెప్ప వేసింది. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. కాసేపటికి తనంతట తనే ఇంకోసారి వేసింది. మూడో వరస చదివింది. నాలుగో వరసలో రెండక్షరాలు చదివి ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఇంతేనా?” అంది.

ముందుగదిలో అద్దాలమ్మ భర్త ఏదో పనున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

మొదటి టేబులామె ఆవిడ కుర్చీ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. “అత్తా, ఆ నాలుగూ రాసింది...”

“నువ్వే. చేతిరాత తెలీదా నాకు? చీటీలు కూడా చూశాను, వంకర లేకుండా అంటించావు. రాయకుండా వదిలేసి ఉంటే ఆ స్కేలు నీ వీపు మీద విరిగేది.” ఆవిడ ముందుకి వంగింది. మేనకోడలి మొహాన్ని దగ్గర నుంచి చూసింది, తానుని చూసినట్టు, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. “నా కోపం రాసినందుకు కాదు. రాలేదు చూడు, అందుకు.”

మేనకోడలు కదల్లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అత్తనే చూస్తూ ఉంది, రెప్ప వేస్తే ఆవిడ దాటిపోతుందేమోనన్నట్టు.

ముసలావిడ చెయ్యెత్తి, రెండు వేళ్ళతో ఆమె భుజం మీద ఒక్కటి వేసింది.

“రెప్ప వెయ్యవే,” అంది. “నేనెక్కడికీ పోను.”